లా హేన్ మీద అసైన్‌మెంట్: టెక్నిక్‌లన్నీ రాశాను, మేడమ్ పక్కనంతా ‘అయితే ఏంటి?’ అని రాసిచ్చారు

గాజువాక_నైట్‌షిఫ్ట్:

నమస్తే అండీ. వైజాగ్‌లో జర్నలిజం పీజీ చేస్తున్నా. ఫిల్మ్ స్టడీస్ పేపర్‌కి అసైన్‌మెంట్ ఇచ్చారు. సిటీ అంచున ఉంటూ సిటీకి ఏమీ కాని కుర్రాళ్ళ మీద వచ్చిన సినిమా ఒకటి తీసుకుని, వాళ్ళ కోపాన్నీ విసుగునీ కెమెరాతో, ఎడిటింగ్‌తో, సౌండ్‌తో ఎలా చూపించారో రాయాలి. కథ చెబితే మార్కులు లేవని ముందే చెప్పేశారు.

నేను 1995లో వచ్చిన ఫ్రెంచి సినిమా లా హేన్ తీసుకున్నా. దర్శకుడు మాత్యూ కాసోవిట్జ్. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో: పారిస్ శివార్లలో ఒక హౌసింగ్ కాలనీ, ముందురోజు రాత్రి అక్కడ అల్లర్లు, పోలీసుల దెబ్బలకి అబ్దెల్ అనే కుర్రాడు కోమాలో ఉంటాడు. విన్జ్, సయీద్, ఉబేర్ అని ముగ్గురు స్నేహితులు. ఆ గొడవలో ఒక పోలీసు పోగొట్టుకున్న తుపాకీ విన్జ్‌కి దొరుకుతుంది, అబ్దెల్ చనిపోతే నేనొక పోలీసుని చంపుతా అంటాడు. ఒక పొద్దుట్నుంచి మర్నాడు తెల్లారే దాకా జరిగేదే సినిమా.

సినిమా నాలుగుసార్లు చూశా. పద్దెనిమిది టెక్నిక్‌లు పట్టా. బ్లాక్ అండ్ వైట్ వాడారు, దీనివల్ల సీరియస్‌నెస్ వచ్చింది. వైడ్ యాంగిల్ వాడారు, దీనివల్ల విశాలంగా కనిపించింది. క్లోజప్ వాడారు, దీనివల్ల మనసులో భావాలు తెలిశాయి. ఇలా రాసుకుంటూ పోయా. మేడమ్ పేపర్ తిరిగిచ్చారు, మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ‘అయితే ఏంటి?’ అని ఏడు చోట్ల ఉంది. ఏడోసారికి ఆవిడకీ ఓపిక పోయినట్టుంది, ఉత్త ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. సోమవారం లోపు మళ్ళీ రాసివ్వాలి.

ఇంకో మాట. నేను పుట్టి పెరిగింది గాజువాక వైపు, నాన్నది స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని. ఆ ముగ్గురూ ట్రైన్ దిగి పారిస్‌లో నడుస్తుంటే, మేము ఆదివారం బస్సెక్కి బీచ్ రోడ్డుకొచ్చి ఏసీ షాపుల ముందు తిరిగినట్టే అనిపించింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు చూడండి, అలా. ఆ ఫీలింగ్ ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోలేకపోతున్నా. నటనా, కెమెరానా, నా ఊహేనా? ఎవరైనా దారి చూపించండి.

———

ట్రాలీ_సత్తి:

తమ్ముడూ, నేను పెళ్ళిళ్ళు, షార్ట్ ఫిల్మ్‌లు షూట్ చేసుకునే వాడిని. పుస్తకం చదివి చెప్పట్లేదు, లెన్స్ పట్టుకుని చెప్తున్నా.

నీ ఊహ కాదది, కెమెరానే. నువ్వు వైడ్ యాంగిల్ అని ఒక పేరాలో, క్లోజప్ అని ఇంకో పేరాలో విడివిడిగా రాశావు చూడు, అక్కడే తేడా కొట్టింది. ఏ లెన్స్ వాడారన్నది కాదు, ఎక్కడ మార్చారన్నది చూడాలి. ఈ సినిమాలో కాలనీలో ఉన్నంతసేపూ వైడ్ లెన్సులు (చుట్టూ ఉన్నదంతా పట్టేవి) ఎక్కువ. మనిషి ఎంత క్లియర్‌గా ఉంటాడో వెనకున్న బిల్డింగులూ, బాల్కనీలూ, ఆడుకునే పిల్లలూ అంత క్లియర్‌గా ఉంటారు. షాట్లు కూడా పొడుగు, కెమెరా వాళ్ళతో పాటు నడుస్తుంది. పారిస్‌లో దిగాక పొడుగు లెన్సులు, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగేవి. వెనకంతా మసక. అదే మనుషులు, కానీ ఎవరో కత్తిరించి వేరే ఫొటో మీద అతికించినట్టు ఉంటారు. నీకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీకపోవడం అన్నావే, అదే ఇది.

ఆ మార్పుకి ఒక గేటు కూడా ఉంది. సిటీలోకి వచ్చిన కొత్తలో ముగ్గురూ ఒక ఎత్తైన చోట పిట్టగోడ దగ్గర నిలబడతారు, వెనక పారిస్. కెమెరా ట్రాలీ మీద ఒకవైపు పోతుంటే జూమ్ దానికి ఎదురు తిరుగుతుంది. మనుషులు ఉన్న సైజులోనే ఉంటారు, వెనకున్న ఊరు మాత్రం వాళ్ళ మీదికి వస్తున్నట్టు పెరిగి మసకైపోతుంది. ఒకే షాట్‌లో ఒక లెన్స్ ప్రపంచంలోంచి ఇంకో లెన్స్ ప్రపంచంలోకి తీసుకెళ్ళిపోయాడు. ట్రాలీ ఒకడు, జూమ్ ఒకడు, ఫోకస్ ఒకడు, ముగ్గురూ ఒకే స్పీడులో పని చెయ్యాలి. ఎవడు తడబడినా మళ్ళీ మొదట్నుంచే. మేము ఒక షార్ట్ ఫిల్మ్‌కి కూరగాయల తోపుడు బండి మీద కెమెరా పెట్టి ట్రై చేశాం, పదకొండు టేకులకి బండి చక్రం ఊడింది, అది వేరే కథ.

నా మాట నమ్మక్కర్లేదు, సాయంత్రం ఆర్కే బీచ్‌కి పో. సబ్‌మెరైన్ ఉంది కదా, కుర్సురా, 91 మీటర్ల పొడవు. దానికి బాగా దూరంగా ఒక ఫ్రెండ్‌ని నిలబెట్టు. ఫోన్‌లో జూమ్ 0.5 పెట్టి, వాడు నడుము దాకా ఫ్రేములో పట్టేంత దగ్గరికెళ్ళి ఒక ఫొటో తియ్యి. సబ్‌మెరైన్ వాడి వెనక బొమ్మలా చిన్నగా ఉంటుంది, ఇసుకా, ఆకాశం, బఠాణీ బండి అన్నీ పడతాయి. ఇప్పుడు 3 పెట్టి వెనక్కి నడువు, వాడు మళ్ళీ నడుము దాకా పట్టే వరకూ. వాడి సైజు మారదు, సబ్‌మెరైన్ మాత్రం వాడి నెత్తి మీదికి వచ్చేస్తుంది, బఠాణీ బండి ఫ్రేములోంచి మాయం. ఫోన్‌లో బ్లర్ సరిగ్గా రాదులే, కానీ సంగతి అర్థమవుతుంది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ మేడమ్ ప్రశ్నకి జవాబు నీకే తెలుస్తుంది.

———

ఉప్పుగాలి:

సత్తి గారు చెప్పింది బావుంది. నేను ఒక చిన్న దిద్దుబాటుతో మొదలుపెడతాను, పాఠాలు చెప్పే జబ్బు పోదు కదా. ఫ్రెంచిలో హ పలకరు, అది ‘లా ఏన్’. ద్వేషం అని అర్థం. ఉబేర్ పేరులో హ తీసేసి సినిమా పేరులో ఉంచావు బాబూ.

నువ్వు బ్లాక్ అండ్ వైట్ వల్ల సీరియస్‌నెస్ వచ్చిందన్నావు. సినిమా మొదట్లో వచ్చేవి నిజమైన అల్లర్ల న్యూస్ దృశ్యాలు, మీద బాబ్ మార్లే పాట. అవి అయిపోయి కథ మొదలయ్యేటప్పుడు రంగు మారదు, ఆ గుంపులోంచే ఈ ముగ్గురూ నడిచొచ్చినట్టు ఉంటుంది. మొత్తం కలర్ ఫిల్ము మీదే తీసి బ్లాక్ అండ్ వైట్‌గా ప్రింట్ చేశారు, అంటే డబ్బుల్లేక కాదు, కావాలనే. 1993లో మకోమే అనే పదిహేడేళ్ళ కుర్రాడు పారిస్ పోలీసు స్టేషన్‌లో విచారణ జరుగుతుండగా తలకి తుపాకీ గుండు తగిలి చనిపోయాడు, ఈ కథకి మొదటి కదలిక అక్కడిదే. వార్తకీ కథకీ మధ్య గీత కనపడకూడదని దర్శకుడు ఎందుకు అనుకున్నాడో ఇప్పుడు రాయి. సీరియస్‌నెస్ అనే మాట అవసరమే రాదు.

ఇంకొకటి, నువ్వు నాలుగుసార్లు చూశానన్నావు కాబట్టి గమనించావో లేదో. మొదట సయీద్ కనపడేటప్పుడు కెమెరా అతని మొహం మీదికి వెళ్తుంది, కళ్ళు మూసుకుని ఉంటాడు, తెరుస్తాడు. ఎదురుగా పోలీసుల వరస. చివర్లో మళ్ళీ అతని మొహం మీదికే వెళ్తుంది, అతను కళ్ళు మూసుకుంటాడు, తుపాకీ పేలిన చప్పుడు మాత్రం మనకి వినపడుతుంది. ఎవరు కాల్చారో చూపించడు. మధ్యలో అంతా అతను కళ్ళు తెరిచి చూసిందే. సయీద్ ముగ్గురిలో వాగుడుకాయ, జోకులేసేవాడు, మనం పెద్దగా పట్టించుకోం, కానీ సాక్షి వాడు. (చూడనివాళ్ళు తిట్టుకోకండి, ముప్పై ఏళ్ళైంది సినిమా వచ్చి.)

తెర మీద పడే టైమ్ గురించి నువ్వు రాశావో లేదో తెలీదు. 10:38తో మొదలై పొద్దున్న 06:01తో ఆగుతుంది. మామూలుగా సినిమాల్లో గడియారం చూపిస్తే ఏదో పని ఉంటుంది, బాంబు పేలుతుందనో, రైలు వెళ్ళిపోతుందనో. వీళ్ళకి చెయ్యాల్సిన పనేమీ లేదు. మేడ మీద కూర్చుంటారు, బెంచీ మీద కూర్చుంటారు, ఒక చిన్న పిల్లాడు టీవీ ప్రోగ్రాం కథ చెబుతాడు, దానికి తలా తోకా ఉండదు. టైమ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఖాళీగా ఉన్నవాడికి గడియారం చూపించడమంత క్రూరం ఇంకోటి లేదు. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఇంట్లో కూర్చున్నప్పుడు మా హాల్లో గోడ గడియారం చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

———

మైకు_మూర్తి:

సౌండ్ గురించి ఎవరూ మాట్లాడరని తెలుసు, అందుకే వచ్చా.

ఒకటి, ఈ సినిమాలో మన అలవాటు ప్రకారం బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ అనేది దాదాపు లేదు. టైటిల్స్ దాటాక వినపడే పాట ఎక్కువగా సీన్‌లోనే ఎక్కడో మోగుతూ ఉంటుంది. అంటే ఇక్కడ బాధపడండి, ఇక్కడ టెన్షన్ పడండి అని వయొలిన్ చెప్పదు. రెండు, కాలనీ సీన్లకి సౌండ్ స్టీరియోలో, పారిస్ సీన్లకి మోనోలో మిక్స్ చేశారు. సత్తి అన్న లెన్సుల్లో చెప్పిందే ఇది చెవులతో చేశారు. ఇంటి దగ్గర కేకలు, కుక్కలు, బైకులు నాలుగువైపుల నుంచీ వస్తాయి, సిటీకి వెళ్ళాక చప్పుడు నలిగి మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ స్పీకర్లలో చూసుంటావు, నీకు తెలిసుండదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ చూడు.

ఇక డీజే సీన్. ఒక కుర్రాడు స్పీకర్లు కిటికీకి తిప్పి పెట్టి, పోలీసుల్ని తిట్టే ర్యాప్‌ని ఫ్రెంచి గాయని ఎదిత్ పియాఫ్ పాతపాటతో కలిపి స్క్రాచ్ చేస్తాడు, ఆ పాట పల్లవి నేను దేనికీ పశ్చాత్తాపపడను అని. కెమెరా కిటికీ వదిలేసి కాలనీ మీదుగా తేలుకుంటూ పోతుంది. 1995లో డ్రోన్లు ఎక్కడివి, రిమోట్‌తో నడిచే చిన్న హెలికాప్టర్‌కి కెమెరా కట్టి తీశారు. ఇప్పుడైతే మన ఊళ్ళో ప్రతి పెళ్ళి వీడియోలోనూ కైలాసగిరి మీంచి డ్రోన్ షాట్ ఉంటుంది, ఎందుకుందో తీసినవాడికీ తెలీదు (సత్తి అన్నా, సారీ). అక్కడ మాత్రం ఆ కాలనీలోంచి బయటికి పోగలిగింది ఆ చప్పుడొక్కటే, కెమెరా దాని వెంట పోతుంది. మనుషులు కిందే ఉంటారు.

———

లేట్_రివ్యూ:

అందరూ భజన చేస్తున్నారు కాబట్టి నేనొకటి అంటా. నాకు ఈ సినిమా టెక్నిక్ సగం చోట్ల షో అనిపిస్తుంది. విన్జ్ అద్దం ముందు నిలబడి టాక్సీ డ్రైవర్ అనే అమెరికన్ సినిమాలో హీరోలా నాతోనేనా మాట్లాడుతున్నావ్ అని చేతినే తుపాకీ చేసి చూపిస్తాడు. పేర్లు చూపించడం కూడా అంతే, సయీద్ పేరు వాడే పోలీసు వ్యాన్ వెనక రాస్తాడు, విన్జ్‌ది వేళ్ళ ఉంగరం మీద, ఉబేర్‌ది బాక్సింగ్ పోస్టర్ మీద. తెలివే, కాదనను. కానీ చూడండి ఎంత తెలివైనవాణ్ణో అని దర్శకుడు పక్కన కూర్చుని మోచేత్తో పొడుస్తున్నట్టు ఉంటుంది. ఐఫిల్ టవర్ దూరంగా కనిపించే ఒక మేడ మీద వాళ్ళలో ఒకడు చిటికేసి దాని లైట్లు ఆర్పాలని చూస్తాడు, ఆరవు, ఇలాంటివి సినిమాల్లోనే అనుకుని వాళ్ళు వెళ్ళిపోయాక ఆరుతాయి. నవ్వొస్తుంది, కానీ అది కుర్రాళ్ళ జోకు కాదు, డైరెక్టర్ జోకు.

రెండోది. ఆడవాళ్ళేరి? ఒక బామ్మ, ఒక అమ్మ, ఇద్దరు ముగ్గురు చెల్లెళ్ళు, ఆర్ట్ గ్యాలరీలో వీళ్ళు పలకరిస్తే రెండు నిమిషాల్లో గొడవయ్యే ఇద్దరు అమ్మాయిలు. అంతే. ఆ కాలనీలో అమ్మాయిలకి విసుగు లేదా? అసైన్‌మెంట్‌లో ఇది కూడా రాయి బ్రదర్, కెమెరా ఎవరి వెంట నడవలేదో కూడా టెక్నిక్కే.

———

ఉప్పుగాలి:

రెండోది పూర్తిగా ఒప్పుకుంటాను. మొదటి దాంట్లో సగం. అద్దం సీన్ డైరెక్టర్ డాంబికం అనుకుంటే అలాగే కనపడుతుంది. కానీ విన్జ్‌కి కోపం ఎలా పడాలో తెలిసింది సినిమాలు చూసే. మన దగ్గర కుర్రాళ్ళు హీరో నడిచినట్టు నడిచి, హీరో లాగినట్టు కాలర్ లాగరూ? జగదాంబ సెంటర్లో ఫస్ట్ షో వదిలినప్పుడు బయట నిలబడి చూడండి. విన్జ్ దగ్గరున్నది నిజం తుపాకీ, పోజు మాత్రం అరువు తెచ్చుకున్నది. పారిస్‌లో ఒక స్కిన్‌హెడ్ (గుండు గీయించుకుని తిరిగే జాతి ద్వేషపు గుంపువాడు) దొరికి, తుపాకీ తల మీద పెట్టే అవకాశం నిజంగా వచ్చినప్పుడు వాడి వల్ల కాదు. అప్పటికి అద్దం సీన్ మీకు గుర్తురావాలి. ఆ స్కిన్‌హెడ్ వేషం వేసింది దర్శకుడే, మీ మోచేతి పోటు ఫిర్యాదుకి ఇది ఉపయోగపడుతుందేమో.

షో లేని సీన్ ఒకటి చెప్తాను. సయీద్‌నీ ఉబేర్‌నీ పారిస్ పోలీసులు పట్టుకుని కుర్చీలకి కట్టి హింసిస్తారు, పక్కన కొత్తగా చేరిన ఒక కుర్ర పోలీసుకి ఎలా చెయ్యాలో పాఠంలా చెబుతుంటారు. అక్కడ కెమెరా ఎగరదు, తిరగదు. ఆ కుర్ర పోలీసు మొహం చూపిస్తుంది, వాడు చూడలేక తల తిప్పుకుంటాడు. మనకి తల తిప్పుకునే వీలు లేదు. అలాగే మొదట్లో టీవీ వాళ్ళు కారు దిగకుండా ఈ ముగ్గురినీ అల్లర్ల గురించి అడుగుతారు, ఇదేమైనా జంతువుల పార్కా దిగి మాట్లాడండి అని వీళ్ళు తిరగబడతారు. నువ్వు చదివేది జర్నలిజం కదా బాబూ, ఆ సీన్ మీద ఒక పేజీ రాయకపోతే నేను మీ మేడమ్ పక్షం.

———

గాజువాక_నైట్‌షిఫ్ట్:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఉప్పుగాలి గారూ, పలకడం లా ఏన్ అనే పలుకుతా, కానీ అసైన్‌మెంట్‌లో లా హేన్ అనే ఉంచుతా, లేకపోతే ఇది వేరే సినిమా అనుకుని ఇంకో ఎర్ర ప్రశ్న పడుతుంది.

సత్తి అన్నా, నిన్న సాయంత్రం మా వీధి ఫ్రెండ్‌ని తీసుకుని బీచ్‌కెళ్ళా. మొదటి ఫొటోలో వాడు నవ్వుతున్నాడు, వెనక సబ్‌మెరైన్, బఠాణీ బండి, బెలూన్ల పిల్లాడు, మా వాడు అక్కడివాడే అనిపిస్తాడు. రెండో దాంట్లో సబ్‌మెరైన్ నల్లగా వాడి చెవుల దాకా వచ్చేసింది. నవ్వు అదే నవ్వు. కానీ ఇబ్బందిగా నవ్వుతున్నట్టు ఉంది! నేను వెనక్కి వెనక్కి నడుస్తుంటే ఎవరో సెక్యూరిటీ ఆయన వచ్చి ఏటి బాబూ, ఎక్కణ్ణుంచి, ఏం తీస్తున్నారు అని అడిగాడు. పక్కనే పదిమంది ఫొటోలు తీసుకుంటున్నారు, వాళ్ళని అడగలేదు. గాజువాక అని చెప్పా. సరే సరే తొందరగా తీసుకుని వెళ్ళండి అన్నాడు. మా వాడు దారంతా దాని గురించే తిట్టుకుంటూ వచ్చాడు, నేను మాత్రం బస్సులో రెండు ఫొటోలూ మార్చి మార్చి చూసుకుంటూ కూర్చున్నా.

మైకు మూర్తి గారూ, ఇయర్‌ఫోన్స్‌తో చూశా. ట్రైన్ దిగాక చెవులు మూసుకుపోయినట్టయింది, అది నిజంగానే తెలుస్తోంది. లేట్ రివ్యూ గారూ, అమ్మాయిల మీద ఒక పేరా పెట్టా, కానీ అందులో ఇంకా ఫిర్యాదే ఉంది, కెమెరా లేదు. చూస్తా.

మొదటి పేరా ఇలా మార్చాను, ఎలా ఉందో చెప్పండి:

‘1995లో విడుదలైన లా హేన్ చిత్రం కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి అవార్డు పొందిన ప్రపంచ ప్రసిద్ధ చిత్రం. ఈ సినిమాలో ముగ్గురు కుర్రాళ్ళ మొహాలు కాలనీలోనూ పారిస్‌లోనూ ఒకే సైజులో కనిపిస్తాయి, కానీ వాళ్ళ వెనకున్న ప్రపంచం సైజు మారిపోతుంది. కాలనీలో అది వాళ్ళ చుట్టూ ఉంటుంది. పారిస్‌లో అది వాళ్ళ మీద ఉంటుంది. ఆ మార్పు ఎక్కడ జరుగుతుందో చూపించడానికి దర్శకుడు ఒకే ఒక షాట్ ఖర్చుపెట్టాడు.’

———

ట్రాలీ_సత్తి:

మొదటి వాక్యం కొట్టెయ్. రెండో వాక్యంతో మొదలెట్టు. అవార్డు ఎక్కడో వెనక చెప్పుకోవచ్చు, అది చూసి మీ మేడమ్ ఎనిమిదోసారి అదే రాస్తారు.

‘ఒకే సైజులో’ అన్నది ఆ పిట్టగోడ షాట్‌కి మాత్రమే కరెక్టు, సినిమా అంతటికీ కాదు, అది సరిచూసుకో. ఆ సబ్‌మెరైన్ ఫొటోలు రెండూ కూడా అసైన్‌మెంట్‌లో అతికించు, కలర్ ప్రింట్ అక్కర్లేదు.